మసక వేసిన ఫొటో

శంషాబాద్,
కార్తీక సోమవారం.

అఖిలకు కొండల్ రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నువ్వు, రేఖ వదిన, పిల్లలు క్షేమమని తలుస్తాను. మా నాయన ఎవరికి కార్డు రాసినా ఇలాగే మొదలుపెట్టేవాడు. ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉన్నా సరే, ముందు క్షేమమని రాసి, ఆ తర్వాతే జ్వరం సంగతి ఎత్తేవాడు. నేనూ ఆయన కొడుకునే కదా. ముందు క్షేమం రాశాను. జ్వరం సంగతి కిందికి పోయాక వస్తుంది. అక్కడిదాకా ఓపికగా చదువు.

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. నేను డ్యూటీలో ఉంటే పోస్ట్‌మన్ అమ్మ చేతికి ఇచ్చి పోయాడట. మన ఊళ్లో ఇప్పుడు కాగితం వచ్చిందంటే బ్యాంకు నుంచో కోర్టు నుంచో అయి ఉండాలి. అమ్మ దాన్ని కిటికీలో దూరంగా పెట్టి, నేను గడప తొక్కగానే "ఏందిరా, నోటీసు వచ్చింది? వాన్‌తోని ఎవర్నన్న గుద్దినవా?" అని నిలదీసింది. నీ కోడలు రాసిందంటే నమ్మలేదు. "నిర్మల్ ఏమన్న లంకల ఉన్నదా? ఫోన్ జేయక గీ కాగితం ఏంది?" అని గొణిగి, మళ్లీ తనే వచ్చి పక్కన కూర్చుని "సదువు, జర గట్టిగ సదువు" అంది. నువ్వు ఇక జన్మలో ఫోన్ ముట్టనని అన్న మాట ఆమెకు గుర్తుంది. గుర్తు చేసుకోవడం ఇష్టం లేదు, అంతే.

ఇప్పుడు ఎయిర్‌పోర్టులో స్టాఫ్ వాన్లు ఆపుకునే చోట కూర్చుని రాస్తున్నాను. పొద్దుటి షిఫ్టు వాళ్లు బయటికి వచ్చేదాకా నాకు పని లేదు. స్టీరింగ్ మీద మనీషా పరీక్ష అట్ట ఆనించుకున్నాను. అక్షరాలు పైకీ కిందికీ పోతాయి, నవ్వకు. చాలా ఏళ్ల తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే.

నీ ప్రశ్నలకు ఒక్కొక్కదానికి జవాబు రాస్తాను. మనీషా కళ్లద్దాలు పెట్టుకుంటుందా అని అడిగావు. ఇంట్లోంచి పెట్టుకునే పోతుంది. వీధి మలుపు తిరగగానే తీసి బ్యాగులో వేసుకుంటుందని అమ్మ అనుమానం. లెక్కల సారు కనిపించి "పిల్ల బాగనే ఉన్నది గని ఈ మధ్య మాట్లాడుత లేదు" అన్నాడు. ఇంట్లోనూ అంతే. పదో తరగతి కదా, చదువు బరువు అనుకున్నాను. అలా అనుకుంటే నాకు సులువుగా ఉండింది.

అమ్మ మోకాళ్లకు శంషాబాద్ దవాఖానలో చూపించాను. నడవమన్నారు. నడవమంటే నొప్పి అంటుంది, కూర్చోమంటే పక్కింటికి పోతుంది. వంట నేనే చేస్తున్నాను. నా పచ్చిపులుసు తిని అమ్మ "గిది పులుసా, నీళ్లల్ల ఉల్లిగడ్డ ఏసినవా?" అని అడిగింది. నువ్వు ఉంటే మీరిద్దరూ కలిసి నవ్వేవారు. దసరా ముందు వానలకు హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తితే నీళ్లు సర్వీస్ రోడ్డు ఎక్కాయి. అటు దారి మూసేసి, స్టాఫ్‌ను తుక్కుగూడ వైపు నుంచి తిప్పి తెచ్చేసరికి నా నడుము విరిగింది. ఇప్పుడు అంతా తెరిపి పడింది.

నీ కుట్టు మిషన్‌కు నూనె వేశాను. కుట్టకుండా ఉండిపోయిన జాకెట్టు ముక్కలు ఎవరివి వాళ్లకు ఇచ్చావా అని అడిగావు. ఇచ్చాను. మనీషా కవర్ల మీద పేర్లు చదివి ఇస్తుంటే నేను ఇంటింటికీ తిరిగాను. కొందరు గడప అవతలి నుంచే చెయ్యి చాచి తీసుకున్నారు. నువ్వు ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదు. కవిత మాత్రం మెట్టు దిగి వచ్చి, "అన్నా, నా ఫొటోలు గిట్ల ఇంకేమన్న ఉన్నయా ఆ ఫోన్ల?" అని మెల్లగా అడిగింది. లేవని చెప్పాను. ఆమె తల ఊపింది గానీ నమ్మినట్టు లేదు. ఆ పిల్ల పెళ్లి జాకెట్లన్నీ నీ చేతివే కదా.

సద్దుల బతుకమ్మ నాడు స్వరాజ్యం అక్క వచ్చిందా అన్నావు. రాలేదు. ప్రతి ఏడూ మొదటి పాట ఆమే ఎత్తుతుంది కాబట్టి, ఈసారి ఎవరెత్తాలో తెలియక ఆడవాళ్లు బతుకమ్మల చుట్టూ నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి ఎవరో స్పీకర్‌లో పాట పెట్టారు. ఆడారు గానీ తొందరగానే అయిపోయింది. అక్కా, గోపయ్య బావా ఉండే ఇంటి తలుపు ఆ రోజంతా మూసే ఉంది.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ రాసిన సంగతి. "నీ ఫోన్లకెల్లి ఆ యాప్ తీసేసినవా? మనీషా ఫొటోలు దాంట్ల పెట్టకు. నా లెక్క మోసపోకు. తప్పు నాదే, కుట్టుడు అయిపోంగనే ఫొటోలు తీసెయ్యకపోతిని. మల్ల జాకెట్‌కు పనికొస్తయని ఉంచుకున్న. ఆడోళ్లు నన్ను నమ్మి పంపితే తీస్కపోయి యంత్రం నోట్ల పెట్టిన." ఈ వాక్యాలు నేను అమ్మకు చదివి వినిపించలేదు. తప్పు నీదే అని నువ్వు నీ చేత్తో రాశావు. అది చదివాక నా వల్ల కాలేదు. అందుకే ఈ ఉత్తరం.

నీకు తెలిసిన సంగతులు కూడా మళ్లీ రాస్తాను. వరసగా రాస్తే తప్ప నాకు చెప్పడం రాదు.

మొదట్లో నువ్వు అందరిలాగే ఆది జాకెట్టు పెట్టుకుని కుట్టేదానివి. ఎయిర్‌పోర్టులో పనికి పోయే ఆడవాళ్లు ఎక్కువయ్యాక వాళ్లకు షాపుకు వచ్చి తొడిగి చూసుకునే తీరిక లేకపోయింది. అప్పుడు నువ్వు ఈ పద్ధతి పెట్టావు. పూర్తిగా కుట్టకుండా టాకాలు మాత్రం వేసిన జాకెట్టు ఇంటికి పంపడం, వాళ్లు తొడుక్కుని ముందు ఒకటి, వెనక ఒకటి ఫొటో తీసి పంపడం, నువ్వు అది చూసి ఎక్కడ వదలాలో ఎక్కడ బిగించాలో తేల్చుకోవడం. "ముఖం రానియ్యకుర్రి" అని అందరికీ చెప్పేదానివి. నేను గదిలోకి వస్తే ఫోన్ బోర్లా పెట్టేదానివి. ఒకసారి నేను వెక్కిరిస్తే, "ఇది నా దవాఖాన. నీకు ఈడ పని లేదు" అన్నావు. ఊళ్లో ఆడవాళ్ల ఒంటి సంగతులన్నీ నీ కడుపులో ఉండేవి, ఒక్కటి బయటికి వచ్చేది కాదు.

శ్రావణంలో ఒకరోజు వాన్‌లో ఈ యాప్ మాట మొదటిసారి విన్నాను. కౌంటర్లో పనిచేసే విజయవాడ అబ్బాయి పక్కావిడతో అంటున్నాడు. "చూశారా మేడం, మనల్ని అడక్కుండానే ఫోన్‌లోకి ఒక యాప్ వచ్చేసిందండి. మన ఫొటోలన్నీ అది చూస్తూనే ఉంటుందట." ఆమె "పిల్లలకి స్నానం చేయించేటప్పుడు తీసినవి కూడానా?" అని అడిగింది. "అన్నీనండి" అన్నాడు. ఆ సాయంత్రమే మన ఊరి గ్రూపులో ఎవరో పెట్టారు. ఫోన్‌లో గలీజు ఫొటో ఉంటే కంపెనీకి తెలుస్తుందని, అక్కడి నుంచి పోలీసులకు పోతుందని, జైలేనని. నిజమా కాదా అని చూడకుండా నేనూ దాన్ని డ్రైవర్ల గ్రూపులోకి తోశాను.

ఆ తర్వాత రెండు మూడు రోజులకే నువ్వు హుక్కులకు, లైనింగ్ గుడ్డకు తుక్కుగూడ పోతూ ఫోన్ చార్జింగ్‌లో మరిచిపోయావు. మెసేజ్ వచ్చిన చప్పుడైతే తీశాను. ఫొటో. ఆడవాళ్ల పేర్లు నువ్వు ఫోన్‌లో పెట్టవు కదా, పంపిన నంబరు మాత్రమే ఉంది. ఫొటో మాత్రం కనబడటం లేదు, అంతా మసక మసకగా మూసి ఉంది. ఇందులో నగ్నంగా ఉన్న బొమ్మ ఉండవచ్చని దాని మీద రాసి ఉంది. యాప్ పట్టేసింది, పోలీసులు నీ పేరు మీద వస్తారు అనుకున్నాను. అది ఒక భయం. ఇంకోటి కూడా రాస్తాను, తిట్టుకో. ఎవరు పంపారు, నీకు ఎందుకు పంపారు అని నా మనసులో పురుగు తొలిచింది. ఇన్నేళ్ల కాపురం తర్వాత, నిన్ను ఆ ఒక్క నిమిషం అనుమానించాను.

నువ్వు ఇంటికి వచ్చాక అడిగితే అయిపోయేది. అడగలేదు. "స్క్రీన్ గార్డు పగిలింది గదా, మధు దుకాణంల ఏపిచ్చుకొస్త" అన్నాను. నువ్వేమన్నావో గుర్తుందా? నాకు మాట మాట గుర్తుంది. "ఆడోళ్ల ఫొటోలున్నయి. దుకాణంల ఇడిసిపెట్టి రాకు. నీ ముంగట్నే ఏపియ్యి." సరే అన్నాను. అన్నం తింటూ, నీ వైపు చూడకుండా సరే అన్నాను.

అఖిలా, ఆ ఫొటోను ఏ యాప్ బయట పెట్టలేదు. నేను పెట్టాను.

మధు నాతో చదువుకున్నవాడు, నీకు తెలుసు. బస్టాండు వెనక సందులో ఇరుకు దుకాణం, ముందు స్టూళ్ల మీద ఎప్పుడూ పనిలేని నలుగురు కూర్చుని ఉంటారు. యాప్ తీసెయ్యమన్నాను. "తీసేస్తె మల్ల అదే వస్తదన్నా. ఫోన్ల ఉన్నదంత కంప్యూటర్ల ఏసి, ఫోన్ ఖాళీ జేసి, మంచియి చూసుకొని మల్ల ఎక్కిస్త. ఒక పూట వడ్తది. ప్యాటర్న్ గీసి పో" అన్నాడు. వాడి దుకాణంలో పద్ధతి అది. ప్రతి ఫోన్ వెనకా ఒక తెల్ల స్టిక్కర్ అంటించి, దాని మీద పేరు రాసి, తాళం తెరిచే గీత బొమ్మ గీస్తారు. గిరాకీలందరి ఫోన్లూ అలాగే బల్ల మీద పడి ఉంటాయి. నీ ఫోన్ తాళం నా ముందు ఎప్పుడూ దాచలేదు నువ్వు. ఆ చుక్కలు, ఆ గీత, నా చేత్తో గీసి అంటించాను. నాకు వాన్ టైమైంది. వదిలేసి వెళ్లిపోయాను.

సాయంత్రం కొత్త స్క్రీన్ గార్డుతో తెచ్చి ఇస్తే, "మంచిగ ఏసిండు" అని సంబరపడ్డావు.

ఆ తర్వాతిది నీకు తెలుసు. బాలాపూర్ లడ్డూ వేలం నాడు దారులన్నీ బంద్ అయి నేను ఆలస్యంగా ఇంటికి వచ్చేసరికి వాకిట్లో జనం. స్వరాజ్యం అక్క చేతిలో ఆమె కొడుకు ఫోన్. కుర్రాళ్ల గ్రూపులో తిరిగిన ఫొటో అందులో ఉంది. ముఖం లేదు. కానీ ముంజేతి మీద తేలు పచ్చబొట్టు ఉంది. అది ఎవరిదో ఊళ్లో చంటిపిల్లకు కూడా తెలుసు. ఆమెకు రొమ్ముకు ఆపరేషన్ అయి ఒక వైపు తీసేశారని గోపయ్య బావకు, నీకు తప్ప ఎవరికీ తెలియదు. గర్భసంచి ఆపరేషన్ అని అందరికీ చెప్పుకుంది. నువ్వు లోపల దూది మెత్త పెట్టి జాకెట్టు కుడితే, దాన్ని తొడుక్కుని మహిళా సంఘం మీటింగుల్లో గలగలా మాట్లాడేది, బతుకమ్మ ఆడేది. మెత్త కొలత కోసం నీకు పంపిన ఫొటో అది. వాట్సాప్ కొడుకు చూస్తాడని మామూలు మెసేజ్‌లో పంపేదట.

"నా కొడుక్కు సూపెట్టలే, కోడలికి సూపెట్టలే. నీ ఒక్కదానికే సూపెట్టిన గదనే. ఊరంత ఎట్ల తిరుగుతుంది ఇది?" అని ఆమె అరిచింది. నువ్వు "నాకు తెల్వది వదినె, నా బిడ్డ మీద ఒట్టు" అంటూ ఆమె చేతులు పట్టుకోబోతే విదిలించుకుంది. అప్పుడు నువ్వు నా వైపు చూశావు. నేను ఏదైనా చెప్తానేమో అని చూశావు. నేను చెప్పాను కూడా. "అది ఆ యాప్ పని అక్కా. అడగకుండ అందరి ఫోన్లళ్ల వడ్డది. వాన్ల చదువుకున్నోళ్లు గూడ అంటున్నరు" అన్నాను. స్వరాజ్యం అక్క నన్ను చూసి, "యాప్‌కు నా మీద ఏం పగరా?" అంది. కానీ మిగతా అందరూ నమ్మారు. అందరూ అప్పటికే భయపడి ఉన్నారు కాబట్టి నా అబద్ధం ఎంత తేలిగ్గా అమ్ముడుపోయిందో. నువ్వూ నమ్మావు. "నీ చేతి జాకెట్ మల్ల నా ఒంటి మీద పడదు" అని ఆమె వెళ్లిపోయింది. మర్నాడు నువ్వు మిషన్ మీద గుడ్డ కప్పి, ఫోన్ నా చేతిలో పెట్టి, "తీస్కపో, దీన్ని చూస్తెనే నాకు ఒణుకొస్తుంది" అన్నావు. దసరాకు ముందే రేఖ వదిన దగ్గరికి పోయి యూనిఫారాలు కుట్టే పనిలో చేరావు. బస్సెక్కేటప్పుడు కూడా "నువ్వు ఫోన్ జర పైలం" అని నాకే చెప్పావు. అప్పుడైనా నోరు తెరిచి ఉండాల్సింది. బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడ్డాను గానీ తెరవలేదు.

నీ ఉత్తరం చదివాక శనివారం ఆ విజయవాడ అబ్బాయినే అడిగాను, ఆ యాప్ ఫొటోలు బయటికి పంపుతుందా అని. "పంపదంటున్నారు కొండల్ గారూ. ఫోన్‌లోపలే చూసి, అలాంటిదైతే మసక వేస్తుందట. అయినా మనల్ని అడక్కుండా రావడం తప్పే కదండీ, ఎలా నమ్ముతాం?" అన్నాడు. తప్పే. అతని భయాన్ని నేను కాదనను. కానీ మన ఇంట్లో జరిగిన దానిలో, ఆ ఫొటో మీద తెర వేసింది అది. తెర తీసి బజార్లో పెట్టింది నేను.

అక్కడి నుంచే మధు దగ్గరికి పోయాను. ముందు బుకాయించాడు. గట్టిగా పట్టుకుంటే, "నేను పంపలేదన్నా, టీకి పోయిన. ఈడ కూసున్నోళ్లల్ల ఎవడో తీసుకున్నడు" అన్నాడు. నీ ఫోన్‌లోవన్నీ ఇంకా వాడి కంప్యూటర్లో ఉన్నాయి, నా పేరు మీదనే. కొట్టాలనిపించింది. వాణ్ణి కొడితే ఎంత సులువో అనిపించి, చెయ్యి దించి వచ్చేశాను. ఇంటికి రాకుండా నేరుగా గోపయ్య బావ ఇంటికి పోయి అంతా చెప్పాను. "ఆమెతోని నేను చెప్ప. నువ్వే అందరి ముంగట చెప్పు" అన్నాడు.

నిన్న సంఘం మీటింగ్. మగవాళ్లు లోపలికి పోయే చోటు కాదు. గోపయ్య బావ అడిగితే ఒప్పుకున్నారు. స్వరాజ్యం అక్క చాలా రోజుల తర్వాత వచ్చి తలుపు పక్కన నిలబడింది. కవిత ఉంది, ముక్కలు వాపసు తీసుకున్న వాళ్లందరూ ఉన్నారు. అమ్మ మనీషా చెయ్యి పట్టుకుని వచ్చి కూర్చుంది. నేను ఏం చెప్పబోతున్నానో వాళ్లిద్దరికీ తెలియదు. ఇంట్లో చెప్పే ధైర్యం రాలేదు నాకు.

చెప్పాను. స్క్రీన్ గార్డు అబద్ధం నుంచి, స్టిక్కర్ మీద గీత దాకా, వాకిట్లో యాప్ మీద తోసింది దాకా. కవిత "అంటే యాప్ గాదా అన్నా?" అంది. కాదన్నాను. "మరి వదినె మీదికి ఎందుకు రానిచ్చినవ్?" అంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరినీ దాటుకుని స్వరాజ్యం అక్క ముందుకు వచ్చింది. నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నడి వాకిట్ల నిలవెట్టి తిట్టిన ఆ పిల్లను. తల్లి లెక్క నా పుండు చూసి, దానికి సరిపోను మెత్త కుట్టిన చెయ్యి, ఆ చెయ్యిని ఇదిలిచ్చుకున్న. నా మానం తీసినవ్ సరే, నాతోని ఆ పని గూడ జేపిచ్చినవ్ గదరా." ఇంతే అంది. తిడితే బాగుండేది. ఆమె కళ్ల నిండా నీళ్లు. "దానికి కాయితం రాయి. స్వరాజ్యం రమ్మన్నదని రాయి. నువ్వు రమ్మన్నవని రాయకు."

ఆమె చెప్పినట్టే రాస్తున్నాను. స్వరాజ్యం అక్క నిన్ను రమ్మంది. ఇంకా ఇద్దరు ముగ్గురు కూడా అదే మాట అన్నారు. తప్పు నీది కాదని ఇప్పుడు ఊరికి తెలుసు. ఈ పొద్దున గోపయ్య బావ ఠాణాలో దరఖాస్తు ఇచ్చాడు, నేను పక్కన నిలబడి నేను చేసింది కూడా చెప్పాను. మధు కంప్యూటర్ తీసుకుపోయారు. నువ్వు రావాలా వద్దా అనేది నీ ఇష్టం. వచ్చి నాతో మాట్లాడకపోయినా, ఆ ముందు గదిలో మిషన్ నీదే, వీధి వైపు తలుపు నీదే. నేను అటు రాను.

ఇక్కడితో ముగించాలనే అనుకున్నాను. కానీ పైన ఒక మాట మింగి రాశాను. నీకు మాత్రం అలా వదిలెయ్యకూడదు.

నిన్న అందరూ లేవబోతుంటే మనీషా లేచింది. కళ్లద్దాలు పెట్టుకునే ఉంది. నేను చెప్పిందంతా విన్నాక ఇంత పెద్దవాళ్లలో ఎవరూ అడగనిది అది అడిగింది. "బాపు, మరి నువ్వు ఆ ఫొటో చూసినవా?"

మసక కింద రెండు మాటలు ఉన్నాయి అఖిలా. వద్దు అని ఒకటి, చూడు అని ఒకటి. నేను చూడు అన్నదే నొక్కాను. తేలు పచ్చబొట్టు చూడగానే ఎవరో తెలిసింది. ఆమెకు ఏమైందో తెలిసింది. నీ మీద అనుమానం అక్కడే పోయింది. అక్కడే ఫోన్ కింద పెట్టి, నీకు చెప్పుకుని ఏడిస్తే సరిపోయేది. కానీ నేను తెరిచి చూశానని నీకు తెలిసిపోతుందని భయపడ్డాను. ఫోన్ మొత్తం ఖాళీ చేయిస్తే ఆ ఆనవాలు పోతుందనుకున్నాను. పోలీసుల భయం ఉంది, కాదనను. కానీ మధు దగ్గరికి నన్ను పరుగెత్తించింది అది కాదు. నా సిగ్గు దాచుకోవడానికి ఆమె సిగ్గును తీసుకుపోయి బల్ల మీద పెట్టాను.

పిల్ల నన్నే చూస్తూ నిలబడింది. "చూసిన బిడ్డా" అన్నాను.

స్వరాజ్యం అక్క నన్ను చిన్నప్పుడు చంకనేసుకుని తిరిగిన మనిషి. నిన్న అంతసేపూ నా ముఖంలో ముఖం పెట్టి నిలబడి మాట్లాడింది. ఆ మాట వినగానే కొంగు భుజం చుట్టూ నిండుగా లాక్కుని, పక్కకు తిరిగింది.

ఇట్లు,
నీ భర్తనని రాయడానికి ఇవాళ చెయ్యి రాలేదు,
మనీషా బాపు,
కొండల్.